చెమ్మకుండమ్మకు తడి ఆరకపోవడానికి కారణం

సముద్రపు హోరు వినిపించేంత దూరంలో, సరుగుడు తోపులకూ జీడితోటలకూ నడుమ, ఒక ఇసుక దిబ్బ మీద చెమ్మకుండమ్మ గుడి ఉన్నది. గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. పెంకుల కప్పు కింద నడుము దాకా ఇసుకలో పాతుకుపోయిన ఒక పాత మట్టికుండే అమ్మవారు. మూతి ఎప్పుడో విరిగిపోయింది. పొట్టకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, చుట్టూ ఎండు తాటాకులు పరుస్తారు.

రోహిణి కార్తెలో నేల బీటలు వారుతున్నా ఆ కుండ పొట్ట చెమ్మగానే ఉంటుంది. పూజారమ్మ చాటుగా నీళ్లు చల్లుతున్నదేమోనని కొందరు భక్తులకు అనుమానం రావడం సహజమే. అట్టివారు తమ తువ్వాలుతో తుడిచి, ఎదురుగా కూర్చుని చూసుకోవచ్చును. పూజారమ్మ ఏమీ అనుకోదు. ఈ అమ్మవారు వెలసిందే ఒక అనుమానపు మనిషి ఇంట్లో గనుక ఇక్కడ అనుమానించినవారిని ఎవరూ తప్పుపట్టరు.

పూర్వం ఇక్కడ చోడి చేల మధ్య ఒక పల్లె ఉండేది. చోళ్లంటే ఈ ప్రాంతంలో రాగులు. ఒక కార్తీకంలో గాలి తిరగబడి సముద్రం ఊరి మీదికి వచ్చిపడింది. ఆ ఊళ్లో గవరమ్మ అనే ఇల్లాలు ఉండేది. నీళ్లు నడుము దాకా వచ్చేసరికి ఆమె భర్త బావి చేదతాడు తెచ్చి, భార్యనూ, పెద్దకొడుకు ఎర్రయ్యనూ, నెల తప్పిన కోడలు తౌడమ్మనూ, చిన్నకొడుకు దాలయ్యనూ ఒక తాటిచెట్టుకు కట్టేశాడు. తనను కట్టుకోవడానికి తాడు చాలలేదు. "ఒకుల్ని ఒకులు ఒగ్గీకండి," అన్నాడట. ఒకరినొకరు వదలవద్దన్న ఆ మాటే అతని చివరి మాట.

నీరు తీసిపోయాక చూస్తే ఇల్లు లేదు, గొడ్డు లేదు, చేను లేదు. ఎక్కడ చూసినా ఉప్పు పేరుకుని నేల తెల్లగా మెరుస్తున్నది. బావుల్లో నీళ్లు నోట పెట్టుకోలేని చేదు. మిగిలినవాళ్లు ఎటువాళ్లు అటు బంధువుల ఊళ్లకు పోయారు. గవరమ్మ మాత్రం కదలలేదు. భర్త మాట నిలబెట్టాలంటే నలుగురూ ఒక్కచోట ఉండాలి. ఎవరి ఊరికి పోయినా నలుగురికీ ఒకే గుమ్మంలో చోటు దొరకదని ఆమెకు తెలుసు. తాటాకులతో ఈ దిబ్బ మీద పాక వేయించింది.

అన్నదమ్ములిద్దరూ కొండవారన ఉన్న ఊట దాకా నడిచి, కావడితో మంచినీళ్లు తెచ్చేవారు. అవి నిలవ చేయడానికి గవరమ్మ పొరుగూరి కుమ్మరిని బతిమాలి ఒక కొత్త కుండ తెచ్చుకున్నది. చల్లగా ఉంటాయని దాన్ని భుజాల దాకా ఇసుకలో పాతించింది. ఆ కుండలో నీళ్లే ఇంటిల్లిపాదికీ ప్రాణం. తలా ఒక ముంత చొప్పున ఆమే పోసేది. మిగిలినవి మర్నాటికి.

మర్నాడు తెల్లవారి మూత తీసి చూస్తే నీళ్లు తగ్గి ఉన్నాయి.

ఆ రాత్రి గవరమ్మ కుండ లోపల బొగ్గుతో గీత గీసింది. తెల్లవారి చూస్తే నీరు గీత కిందికి దిగింది. మళ్లీ గీసింది, మళ్లీ దిగింది. ఉప్పెన సగం పట్టుకుపోయిన మనిషి, మిగిలిన సగానికి తానే కాపలా అనుకునే మనిషి, ఆమె గుండె ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. కొడుకుల పెదవుల వంక చూడడం మొదలుపెట్టింది. ఎవరి పెదవులు తడిగా ఉన్నాయి? ఎవరి గొంతు తక్కువ ఎండింది?

మొదట దాలయ్య మీద అనుమానం పడింది. కుర్రవాడు, దాహానికి ఆగలేడు. వాణ్ణి అడిగితే నీళ్లు నమిలాడు. తర్వాత ఎర్రయ్య మీద పడింది, కావడి మోసేవాడు కనుక. ఆ తర్వాత అనుమానం కోడలి దగ్గరికి వచ్చి అక్కడే బైఠాయించింది. కడుపుతో ఉన్న పిల్లకు దాహం ఎక్కువ. పైగా పరాయి ఇంటి నుంచి వచ్చింది.

కుండ చుట్టూ గవరమ్మ ఎండు తాటాకులు దట్టంగా పరిచింది. ఎవరు అడుగు వేసినా గలగలమనాలి. చెవి అటే వేసి పడుకునేది. ఆకు గలగలమనలేదు. నీరు మాత్రం తగ్గింది. ఎంత గడుసు పిల్ల కాకపోతే చప్పుడు కాకుండా నడుస్తుందని గవరమ్మ మరింత మండిపడింది. దొంగ దొరకకపోవడమే దొంగతనానికి రుజువైంది ఆమెకు.

చివరికి ఒక పొద్దున మాట బయటపడింది.

"ఏమే తౌడమ్మా, నీళ్లు నువ్వే తాగతన్నావు కదూ? ఉన్నమాట సెప్పీ. కడుపుతో ఉన్నదానివి, నాను తిట్టను."

తౌడమ్మ తెల్లబోయింది. "నాను తాగనేదు అత్తా. నమ్మకపోతే ఈ ఏళ నుంచి నీ కుండలో సుక్క ముట్టను," అన్నది.

అన్నంత పనీ చేసింది. తన ముంత తీసుకోలేదు. ఎర్రయ్య తన వాటా ఇవ్వబోతే ముఖం తిప్పుకున్నది. సాయంత్రానికి పెదవులు పగిలాయి, కళ్లు లోపలికి పోయాయి. అయినా నీరు గీత కిందికి దిగుతూనే ఉన్నది. అది చూసి కూడా గవరమ్మకు కనువిప్పు కలగలేదు. పంతానికి పైకి మానేసి చాటుగా తాగుతున్నదనుకున్నది!

ఎర్రయ్యకు చిర్రెత్తింది. "పొద్దున్నే దీన్ని ఆళ్ల కన్నోరింటికి తీసుకుపోతాను. మరి రాను. నా పెళ్లామూ, కడుపులో గుంటా బతకాల," అన్నాడు. దాలయ్య అన్న వైపు నిలబడ్డాడు. ఉప్పెనకు తెగని తాడు కుండ దగ్గర తెగడానికి సిద్ధమైంది. అయినా తప్పయిపోయిందన్న మాట గవరమ్మ నోట రాలేదు.

ఆ అసురసంధ్య వేళ ఆమె పాక గుంజకు ఆనుకుని కునుకు తీసింది. కలలో తడిజుట్టు విరబోసుకున్న ఒక స్త్రీ కుండ పక్కన కూర్చుని ఉన్నది. "నీళ్లు తాగుతున్నది నేను. నీ వాళ్లను ఆడిపోసుకోకు. నేను తిరిగి ఇచ్చేది చూడు," అన్నది. మరొకరైతే సాష్టాంగపడేవారు. గవరమ్మ ఉలిక్కిపడి లేచి, కోడలు పడుకున్న చోటికి పోయి జుట్టు తడిగా ఉందేమో తడిమి చూసింది. పొడిగానే ఉన్నది. అప్పటికీ ఆమె అనుమానం కోడలిని వదిలి కలలో వచ్చిన అమ్మవారిని పట్టుకున్నదే తప్ప చావలేదు.

తెల్లవారింది. ఎర్రయ్య మూట భుజాన వేసుకున్నాడు. తౌడమ్మ అతని చెయ్యి పట్టుకుని లేచింది. ఆ క్షణాన గవరమ్మ కళ్లు కుండ వైపు పోయాయి. ఒకచోట తాటాకులు పైకి లేచి, పక్కకు ఒరిగి ఉన్నాయి.

"ఆగండెహె!" అని ఆమె అరిచింది. "దొంగ అడుగు దొరికింది! ఎవులి కాలో ఇప్పుడే తేలిపోద్ది. అందరూ సూడండి!"

అందరూ చూస్తుండగా ఆకులు లాగేసింది. కింద అడుగుజాడ లేదు. పచ్చగా చోడి నారు ఉన్నది. కుండ చుట్టూ వలయంగా, గుబురుగా మొలిచి, ఆకులను తలతో పైకి నెట్టి నిలబడి ఉన్నది. ఉప్పు తిన్న ఆ నేలలో, కనుచూపు మేరలో, మరో పచ్చని పరక లేదు.

దాలయ్య ఇసుకలోకి చెయ్యి దూర్చాడు. తడి ఇసుక ముద్దగా చేతికి వచ్చింది. కుండ పొట్ట తడిమితే చెమట పట్టినట్లు నీరు ఊరుతున్నది. ఉప్పెనలో మునిగిన చెరువు మట్టితో చేసిన కుండ అది. ఉప్పు కలిసిన మట్టి కాలి, కనపడని చిల్లులు పడింది. కొట్టుకువచ్చిన చోడి గింజలు ఇసుకలో ఉండిపోయాయి. కుండ రాత్రింబగళ్లు వాటికి మంచినీరు పోసింది.

గవరమ్మ ముంత నింపి రెండు చేతులతో కోడలి ముందు పట్టింది. "నిన్నే అనుమానించినానమ్మా," అన్నది.

తౌడమ్మ ముంత అందుకోలేదు. తల వంచుకుని, "నానూ నిన్నే అనుమానించినాను అత్తా. నువ్వే తాగేసి నా మీద పెడతన్నావనుకున్నాను," అన్నది.

"నాను తమ్ముణ్ణి అనుకున్నాను," అన్నాడు ఎర్రయ్య.

"నాను నిన్నే అనుకున్నాను అన్నా. అమ్మకి సెప్పలేకపోయినాను," అన్నాడు దాలయ్య.

ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు నవ్వింది తౌడమ్మే. నవ్వుతూనే ఏడ్చింది. ఆ ముంతలో నీళ్లు ముగ్గురూ తాగాక, చివరి గుక్క గవరమ్మ తాగింది. ఎర్రయ్య మూట దించాడు. ఆ నారు పీకి, మంచినీటితో ఉప్పు కడిగిన మడిలో నాటారు. ఆ గింజలే తర్వాత తిరిగి వచ్చిన ఊరివారందరికీ విత్తనాలయ్యాయి. తౌడమ్మకు ఆడపిల్ల పుట్టింది. కుండను ఎవరూ పెకలించలేదు; గాలికి ఇసుక జారి అదే నడుము దాకా బయటపడింది.

నేటికీ గవరమ్మ వంశంలో పూజ చేసే హక్కు కోడళ్లదే. కూతుళ్లకు లేదు, కొడుకులకు అసలే లేదు. తుఫాను వెలిసిన తర్వాత, ఇల్లు కూలిన కుటుంబాలు, పరిహారమో పంపకమో మాటామాటా పెంచిన కుటుంబాలు ఇక్కడికి వస్తాయి. కుండ చుట్టూ తాటాకుల మీద కూర్చుంటారు. ఎవరు ఎవరిని దేనికి అనుమానించారో పైకి చెప్పాలి. ఇంటి పెద్ద ముందు చెప్పి, అందరి తర్వాత నీళ్లు తాగాలి. మాకు అట్టివేమీ లేవని చెప్పేవారిని పూజారమ్మ నవ్వి, పక్కకు కూర్చుని ఇంకాస్త ఆలోచించుకోమంటుంది. చాలామంది ఆలోచించుకుని తిరిగి వస్తారు. మిగిలిన నీరు అమ్మవారి పాదున పోసి, ప్రసాదంగా చోడి అంబలి తాగి, ఒకే బండి ఎక్కి ఇంటికి పోతారు.

అలా చెప్పుకుని తాగినవారి ఇల్లు గాలికి పడినా మనుషులు విడిపోరని ఈ ప్రాంతం వారి నమ్మకం. ఏటా కార్తీకంలో తొలి ముంత మాత్రం పూజారమ్మ ఇంటిదే. అత్త కోడలి ముందు ముంత పట్టి, "నిన్నే అనుమానించినానమ్మా," అంటుంది. కోడలు ఊరంతా వినేలా బదులు చెబుతుంది: "నానూ నిన్నే, అత్తా."