నీలం బొమ్మ, నిండు మార్కులు

"స్కాను బొమ్మ ఒకటి చెప్తుంటే ఫారం ఇంకోటి చెప్తోంది. దేన్ని నమ్మాలి మేడమ్?" అని సుధీంద్ర అడిగాడు. అతను విశాఖలో ఒక బోధనాసుపత్రిలో మెదడు జబ్బుల చదువు చదువుతున్న డాక్టరు. అడిగింది ప్రొఫెసర్ హైమవతిని. ప్రశ్నకు వెంటనే జవాబివ్వడం ఆవిడకు అలవాటు లేదు. "పద, పేషెంటు దగ్గర కాసేపు కూర్చుందాం" అంటుంది. ఆ రోజూ అదే అంది.

పేషెంటు విశ్వేశ్వరం, రిటైరైన జాగ్రఫీ లెక్చరరు. మతిమరుపు ఎక్కువైందని భార్య కనకం తీసుకొచ్చింది. మెదడులో రక్తం ఎక్కడ ఎంత పారుతోందో చూపే స్కాను తీశారు. ఎర్రగా, పసుప్పచ్చగా వెలగాల్సిన వెనక భాగం రెండు పక్కలా నీలంగా ఉంది. అంటే అక్కడ రక్తం బాగా తగ్గిపోయింది. ఆయన పేరుతో నింపిన రోజువారీ పనుల ఫారంలో మాత్రం నిండు మార్కులు. స్నానం, బట్టలు, భోజనం, మందులు అని సుధీంద్ర వరసగా అడిగితే, "ఏదీ వేళ తప్పదండీ, ఒక్క రోజు కూడా" అంది కనకం. అతను అన్నిటికీ 'స్వయంగా' అని టిక్కు పెట్టేశాడు.

కనకానికి కావలసింది ఒక్క మాట. ఆవిడకి గర్భసంచిలో గడ్డ ఉంది. ఆపరేషను ఇప్పటికే మూడుసార్లు వాయిదా వేసుకుంది, ఇంకా ఆగితే ప్రమాదమని సర్జను చెప్పేశాడు. పది రోజులు ఈయన ఇంట్లో ఒక్కరే ఉండగలరా? ఫారం చూసి, ఉండగలరని రాయబోయాడు సుధీంద్ర. బొమ్మ అడ్డొచ్చింది.

హైమవతి కనకాన్ని రక్తపరీక్షకు పంపింది. విశ్వేశ్వరం హాయిగా కబుర్లు చెప్పాడు. నైరుతి రుతుపవనాల గురించి చిన్న పాఠం చెప్పి, "నువ్వు వెనక బెంచీవాడివే కదూ? మొహం చూస్తే తెలుస్తోందిలే" అని సుధీంద్రని ఆటపట్టించాడు కూడా. కాసేపటికి దాహంగా ఉందన్నాడు.

"నీళ్లు టేబులు మీద ఉన్నాయి మాస్టారూ, తాగండి" అంది హైమవతి.

ఆయన టేబులు వైపు చూశాడు. తలుపు వైపు చూశాడు. "మా ఆవిడ వచ్చి ఇస్తుంది లెండి."

సుధీంద్ర నవ్వాడు. అందులో అతనికి వింతేమీ కనిపించలేదు. వాళ్ల నాన్నా అంతే. నిజం చెప్పాలంటే తనూ అంతే.

పది నిమిషాలు గడిచాయి. ఆవిడ రాలేదు. ఆయన లేచాడు. నీళ్ల జగ్గు పక్కనే చేతులు తుడుచుకునే స్పిరిట్ సీసా ఉంది. దాని మూత తిప్పి, గ్లాసులోకి వంచుకుని, నోటి దాకా ఎత్తాడు. సుధీంద్ర కొయ్యబారిపోయాడు. హైమవతి ఒక్క అంగలో వెళ్లి ఆయన మణికట్టు పట్టుకుంది. గ్లాసు నేల మీద పడింది. గదంతా స్పిరిట్ వాసన.

"నీళ్లే కదమ్మా" అన్నాడాయన, చిన్నబుచ్చుకుని.

మోచేతి దగ్గర దూది నొక్కుకుంటూ కనకం అప్పుడే గుమ్మంలోకి వచ్చింది. సీసా చూసింది, గ్లాసు చూసింది. దూది జారిపోయింది.

"మంచినీళ్లు అందించడం, బట్టలు తీసిపెట్టడం, మాత్రలు చేతిలో పెట్టడం, అన్నీ మీరేనా?" అని హైమవతి అడిగింది.

"మరింకెవరండీ?"

"ఎప్పటినుంచి?"

"పెళ్లయినప్పటినుంచి."

అన్నాక, ఆ మాటకి ఆవిడే ఉలిక్కిపడింది. "మరి జబ్బు ఎప్పుడొచ్చింది డాక్టరమ్మా? పక్కనే ఉన్నాను కదా, నాకెందుకు తెలీలేదు?"

ఒక మనిషి మెదడు మెల్లమెల్లగా ఆరిపోతూ వచ్చింది, ఆ ఇంట్లో ఒక్క పనీ ఆగలేదు.

"అయితే నా ఆపరేషను మళ్లీ ఆగినట్టేనా?"

"ఆగదు. ఆ పది రోజులూ ఆయన మా వార్డులో ఉంటారు. మంచినీళ్లు సుధీంద్ర అందిస్తాడు."

సుధీంద్ర తల దించుకుని ఫారం చింపబోయాడు. హైమవతి అతని చెయ్యి ఆపింది.

"ఉంచు. జవాబులన్నీ సరైనవే. పైన పేరొక్కటే తప్పు."