కత్తితో పెళ్లి

ఒకప్పుడు మణిమంతపురాన్ని వీరకేతుడనే రాజు ఏలేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు తండ్రి చూపించిన పిల్లను చేసుకున్నాడు. రెండోవాడూ తండ్రి చూపించిన పిల్లనే చేసుకున్నాడు. మూడోవాడు మణికేతుడు మాత్రం, తనకు రేవంతుడున్నాడనీ, ఇంకెవరూ వద్దనీ చెప్పేశాడు.

రేవంతుడు రాజుగారి గుర్రాలు చూసేవాడి కొడుకు. ఒకరంటే ఒకరికి ప్రాణం. రాజు బతిమాలాడు, తిట్టాడు, చివరికి ఏడు సముద్రాల అవతలి మాంత్రికుడికి కబురంపి రేవంతుణ్ణి ఎత్తుకుపొమ్మన్నాడు. కన్నతండ్రి చేసే పనేనా అది? పరువు పేరు చెబితే అన్నీ చేస్తారు.

మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉందని మణికేతుడికి గండభేరుండ పక్షి చెప్పింది. కత్తితో పనిలేదని దాన్ని ఇంట్లోనే వదిలి, పక్షి వీపెక్కి సముద్రాలన్నీ దాటాడు. అక్కడ ఒక కోతి ఆ చిలక పంజరం ఎత్తుకొచ్చి అతని చేతిలో పెట్టింది. మాంత్రికుడు హడలిపోయి, ముగ్గురు రేవంతుల్ని నిలబెట్టి నీవాడెవడో చెప్పుకోమన్నాడు. మొదటివాడు కాళ్లమీద పడ్డాడు. రెండోవాడు బావురుమన్నాడు. మూడోవాడు, ఇంత ఆలస్యమా అని కసిరాడు. మణికేతుడు వాడి చెయ్యి పట్టుకుని, చిలక మెడ విరిచాడు.

ఇద్దరూ తిరిగొచ్చేసరికి కోటకు పెళ్లి తోరణాలు. వరుడు ఊళ్లో లేకపోతే అతని కత్తిని పీటమీద పెట్టి పెళ్లి జరిపించడం రాచవాళ్ల ఆచారం. మణికేతుడి కత్తికి బాసికం కట్టి, పొరుగురాజు కూతురు కువలయతో పెళ్లి కానిచ్చేశారు. ఆ పిల్లనూ ఎవరూ అడగలేదు.

ఇక కాపురం చేసుకోమన్నాడు రాజు. రేవంతుణ్ణి గెంటెయ్యమన్నాడు. మణికేతుడు పట్టిన చెయ్యి వదల్లేదు.

అంతలో కువలయ సభలోకి వచ్చి మణికేతుణ్ణి ఎగాదిగా చూసింది.

"ఈయనెవరు?"

"నీ మొగుడమ్మా" అన్నాడు రాజు.

"పీటమీద నా పక్కనున్నది ఈయన కాదే. పురోహితులవారూ, నాకు జరిగింది పెళ్లేనా?"

కాదంటే తను చదివిన మంత్రాలన్నీ దండగ. పెళ్లేనన్నాడు పురోహితుడు.

"అయితే నా మొగుడు ఆ ఇనపముక్కే. తిట్టదు, కొట్టదు, నాకు ఏ పేచీ లేదు. కానీ మావయ్యగారూ, ఇనపముక్కకు చెల్లిన పెళ్లి, ప్రాణమున్న ఈ ఇద్దరికీ ఎందుకు చెల్లదు? చెప్పండి, వింటాను."

రాజు పురోహితుడి వంక చూశాడు. అన్నేళ్లూ నోరు విప్పని రాణి లేచి, రెండు పీటలు తెప్పించి ఆ ఇద్దరికీ తనే వేసింది.

కువలయ కత్తి నడుముకు కట్టుకుని పుట్టినూరు వెళ్లి రాజ్యమేలింది. పెళ్లయినామెకు సంబంధాలు తెచ్చేవాడెవడు? కళ్లెదుట లేకుంటే చాలనుకుని రాజు కొడుక్కి సముద్రం ఒడ్డున కోట రాసిచ్చాడు. మణికేతుడూ రేవంతుడూ తలలు నెరిసేదాకా దాన్ని హాయిగా ఏలారు. వాళ్లు ఏలినంతకాలం అక్కడ అడక్కుండా ఎవరికీ పెళ్లి చెయ్యలేదు.