సీసాకు శాలువా

టపా మోసేవాడి గజ్జెల చప్పుడుకే రోగాలు పారిపోతాయని నమ్మే సంస్థానం ఒకటి ఉండేది. జబ్బేమిటో ఉత్తరం రాస్తే చాలు, పట్నం నుంచి విరూపాక్ష పండితుడి మందు సీసా వచ్చేది. దగ్గుకీ, గుండెదడకీ, బక్కవాళ్ళకీ, బొద్దువాళ్ళకీ అదే సీసా. పండితుడు మాత్రం ఏ రోగి మొహమూ చూసి ఎరగడు.

రాజుగారు మురిసిపోయి, ఆయనకి శాలువా కప్పి ఆస్థాన వైద్యుణ్ణి చేసి, ఊళ్ళలో నాడి చూసేవాళ్ళందర్నీ మాన్పించాలని సభ పెట్టారు. చాపలల్లే సుంకమ్మ చెవిన ఆ మాట పడింది. జ్వరంతో పడున్న ఆమె కూతురికి మందిస్తున్నది ఊళ్ళో నాడి చూసే ఓబులవ్వే. సుంకమ్మ పరుగున సభకొచ్చి పండితుణ్ణి అడిగింది.

"అయ్యగారూ, మనిషిని చూడకుండా జబ్బెలా తెలుస్తుందండీ?"

"నాకు తెలియక్కర్లేదే పిచ్చిదానా! గొంతులో పడగానే మందే జబ్బుని వెతికి పట్టుకుంటుంది," అన్నాడు పండితుడు మీసం దువ్వుకుంటూ.

సుంకమ్మ రాజుగారికి దణ్ణం పెట్టింది. "మహాప్రభూ, జబ్బు కనిపెట్టేదీ, కుదిర్చేదీ సీసాయేనట. మరి ఆ పదవీ, ఆ శాలువా సీసాకే ఇప్పించండి. మధ్యలో ఈయనెందుకు?"

సభ గొల్లుమంది. రాజుగారు నవ్వుతూ నిజంగానే సీసాకి శాలువా కప్పబోయారు.

పండితుడు కంగారుగా అడ్డుపడ్డాడు. "ప్రభూ, సీసాకేం తెలుసు! రోగి పక్కన కూర్చోవాలి, నాడి పట్టుకోవాలి, నాలుక చూడాలి!"

"మా ఓబులవ్వ చేసేదీ అదేనండి," అంది సుంకమ్మ.

రాజుగారి నవ్వు ఆగిపోయింది. సాయంత్రానికి శాలువా ఓబులవ్వకి చేరింది. అవ్వ దాన్ని విప్పి, వణుకుతున్న పిల్లకి కప్పింది. తెల్లారేసరికి పిల్ల ఒళ్ళంతా చెమట పట్టి, లేచి కూర్చుని గంజి అడిగింది.