గబగబా చదివిన వాక్యం

దేవుడు తనతో మాట్లాడటం మానేశాడని జెకర్యా బాధ.

రోజూ తెల్లవారుజామునే లేచి చాప మీద మోకరించేవాడు. మాటలకు కొదవ లేదు. నోరు తెరిస్తే వరసగా వచ్చేవి. కానీ తాళం వేసిన ఇంటి ముందు నిలబడి పిలుస్తున్నట్టు ఉండేది. లేచి గదిలో అటూ ఇటూ తిరిగేవాడు. మళ్ళీ మోకరించేవాడు. మళ్ళీ లేచేవాడు. రోజుకి పది అధ్యాయాలు చదివేవాడు. బైబిలు అంచులన్నీ ఎర్ర సిరా, నీలం సిరా గీతలతో నిండిపోయాయి. పుస్తకం మూసేసరికి లోపల ఏమీ మిగిలేది కాదు.

అతనికి ఇరవై ఏడేళ్ళు. ఒక చిన్న ఊళ్ళో సువార్తికుడు. ఒక ఆదివారం ప్రసంగం మధ్యలో తన గొంతు తనకే వినిపించింది. ఎవరో పక్కింట్లో మాట్లాడుతున్నట్టు అనిపించి భయపడ్డాడు. గబగబా దీవెన చెప్పి దిగిపోయాడు. మర్నాడు సంఘ పెద్దలకు రెండు వారాలు ఉండనని చెప్పి, సలోమమ్మ దగ్గరికి బస్సెక్కాడు.

సలోమమ్మకి డెబ్బై దాటాయి. ఐదో తరగతి చదివింది. నలభై ఏళ్ళు బైబిలు స్త్రీగా గుడ్డసంచి భుజాన వేసుకుని ఊరూరా నడిచి, అరుగుల మీద కూర్చున్న ఆడవాళ్ళకి వాక్యం చదివి వినిపించింది. ఇప్పుడు ఎర్రగట్టు ప్రార్థన మందిరం పక్కన పెంకుల గదిలో ఒక్కతే ఉంటుంది. పెద్ద చదువులు చదివిన పాస్టరు అయ్యగార్లు కూడా కష్టమొస్తే వచ్చి ఆమె దగ్గర నాలుగు రోజులు ఉండి వెళ్ళేవారు. ఏం నేర్పిందంటే మాత్రం ఎవరూ సరిగా చెప్పలేకపోయేవారు.

అతను వెళ్ళేసరికి ఆమె ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తూ ఉంది.

"అమ్మగారూ, దేవుడు నాతో మాట్లాడటం లేదు," అన్నాడు.

"ఎన్నాళ్ళయింది?"

"మూడేళ్ళు."

"అప్పుడేమయింది?"

"ఏమీ కాలేదు. ఆ ఏడే మా నాన్న పోయాడు. అది వేరే సంగతి."

అది వేరే సంగతి అవునో కాదో ఆమె అనలేదు. "కాళ్ళు కడుక్కుని అన్నం తిను నాయనా. రేపటి నుంచి పొద్దున్నే నాకు కాస్త వాక్యం చదివి పెట్టు. నాకు చూపు ఆనటం లేదు," అంది.

ఆమె ఏదో నేర్పుతుందని వచ్చాడు. ఆమె తొడిమలు తీస్తూ వింటుంది, అంతే. జెకర్యా మొదటి సువార్త తీసి చదవడం మొదలుపెట్టాడు. మంచి గొంతు. ఎక్కడ ఆపాలో, ఎక్కడ పెంచాలో తెలిసినవాడు. రెండు రోజులు అలాగే గడిచాయి.

మూడో రోజు, ప్రభువు కొండ మీద చెప్పిన మాటల దగ్గరికి వచ్చాడు. కానుక పట్టుకుని బలిపీఠం దాకా వచ్చినవాడికి, తన వల్ల సహోదరుడి మనసు నొచ్చుకుందని అక్కడ గుర్తొస్తే ఏం చెయ్యాలో చెప్పే చోటు అది. కానుక అక్కడే వదిలి, ముందు వెళ్ళి అతనితో సమాధానపడమంటుంది. జెకర్యా ఆ నాలుగు వరుసలూ చదివేసి కిందికి వెళ్ళిపోయాడు.

"ఆగు. అక్కడ పరిగెత్తావు," అంది సలోమమ్మ.

"ఎక్కడమ్మగారూ?"

"మళ్ళీ చదువు."

చదివాడు. మళ్ళీ చదవమంది. ఐదుసార్లు చదివించింది. ఆరోసారి అతను పుస్తకం ఒడిలో పెట్టుకుని, అప్పటి యూదుల బలిపీఠం ఎలా ఉండేదో, కానుకంటే ఏమిటో వివరించబోయాడు.

"అర్థం నేనడగలేదు," అంది ఆమె.

మర్నాడు ముందుకు పోనివ్వలేదు. ఆ నాలుగు వరుసలే. ఆ మర్నాడూ అవే. జెకర్యాకి కూర్చుంటే కుదురు లేదు. పడుకుంటే ఒళ్ళు ఆనదు. మధ్యాహ్నం ఎండలో గట్టు ఎక్కి దిగేవాడు. ఓర్పు ఇమ్మని ప్రార్థన చేసేవాడు. ప్రార్థన చేసిన కొద్దీ చిరాకు పెరిగేది. తిరిగి వెళ్ళిపోదామని ఒకసారి సంచి సర్దుకున్నాడు. వెళ్ళి ఆదివారం ఏం చెప్పాలో తోచక మళ్ళీ విప్పాడు.

ఎనిమిదో రోజు పొద్దున పుస్తకం తెరవకుండానే అన్నాడు.

"అమ్మగారూ, ఈ నాలుగు వరుసలూ నాకు చూడకుండా వచ్చు. వీటి మీద మూడు ఊళ్ళలో ప్రసంగం చేశాను."

"బాగా చెప్పుంటావు," అంది ఆమె. ఎగతాళిగా అనలేదు.

"మరి ఎందుకు మళ్ళీ మళ్ళీ ఇక్కడే?"

"మిగతావన్నీ నడుస్తూ చదువుతున్నావు నాయనా. అక్కడొక్కచోట కుక్క వెంటపడ్డట్టు పరిగెత్తుతున్నావు."

జెకర్యా పుస్తకం పక్కన పెట్టాడు. తర్వాత మెల్లిగా చెప్పుకొచ్చాడు.

వాళ్ళ నాన్న కోటయ్య డప్పు కొట్టేవాడు. పెళ్ళికి, చావుకి, క్రిస్మస్ ఊరేగింపుకి, దేనికైనా ఆయన డప్పే. పెద్దకొడుకు యోనాకి ఆ విద్య వచ్చింది. యోనా మార్కాపురం వైపు తమ ఊరి పక్కనే ఉన్న పలకల గనుల్లో రాయి చీలుస్తూ తమ్ముణ్ణి చదివించాడు. చదువై, జెకర్యా సువార్తికుడైన ఏడే తండ్రి పోయాడు. సమాధికి టౌను నుంచి అయ్యగార్లు వచ్చారు. శవపెట్టె లేపే వేళకి యోనా ముందు నిలబడి డప్పు మీద ఒక దెబ్బ వేశాడు. జెకర్యా వెళ్ళి ఆ తోలు మీద అరచెయ్యి ఆనించాడు. ఇది క్రైస్తవుడి సమాధి, ఇవి ఇక్కడ కుదరవు అన్నాడు, అయ్యగార్లకి వినిపించేలా. యోనా అతని మొహం వంక చూసి, డప్పు భుజాన వేసుకుని జనంలోంచి నడిచిపోయాడు. అందరూ గుంటలో పిడికెడు మట్టి వేసేటప్పుడు పెద్దకొడుకు అక్కడ లేడు.

"నేను చేసింది సంఘ క్రమం ప్రకారం తప్పు కాదు," అన్నాడు జెకర్యా. "కానీ అన్న మనసు రాయి చేసుకున్నాడు. పండక్కి పిలిస్తే రాడు. ఉత్తరం రాస్తే జవాబు లేదు. అతని మనసు మార్చమని మూడేళ్ళుగా దేవుణ్ణి అడుగుతున్నాను. మీరు కూడా నాతో ప్రార్థించండి అమ్మగారూ."

మోకరించి కళ్ళు మూసుకున్నాడు. ఇన్నాళ్ళుగా అడుగుతున్నవన్నీ మళ్ళీ అడిగాడు. అన్న గుండె మెత్తబరచమన్నాడు, కోపం తీసెయ్యమన్నాడు, వెలుగు చూపమన్నాడు. చాలాసేపటికి ఆమేన్ అని కళ్ళు తెరిచేసరికి పక్కన సలోమమ్మ లేదు.

ఆమె గుమ్మం దగ్గర ఉంది. జొన్నరొట్టెలు గుడ్డలో మూటకట్టి గడప మీద పెట్టింది. నడుం వంచి, అతని చెప్పులు తీసి రోడ్డు వైపు తిప్పుతోంది.

జెకర్యాకి మొహం ఎర్రబడింది. "ప్రార్థన మధ్యలో లేచిపోయారేమిటమ్మగారూ?"

ఆమె నడుం పట్టుకుని నిటారుగా నిలబడింది.

"ఆయన చెప్పి ఐదు రోజులయింది నాయనా. నువ్వింకా మాట్లాడుతూనే ఉన్నావు."

అతను మూట వంక చూశాడు. "వెళ్ళి ఏం చెప్పాలి?"

"నాకేం తెలుసు," అంది సలోమమ్మ.

బస్సులో దారి పొడుగునా ఏం చెప్పాలో కట్టుకుంటూ కూర్చున్నాడు. ఒకటి కట్టి చెరిపేశాడు. ఇంకొకటి కట్టాడు. గనులు ఇంకా దూరం ఉండగానే దిగిపోయి టీ బంకు ముందు నిలబడ్డాడు. వెనక్కి వెళ్ళే బస్సు వచ్చి ఆగింది. మెట్టు మీద కాలు పెట్టాడు. ఎక్కుతావా లేదా అని కండక్టరు కసిరాడు. కాలు తీసి, గనుల వైపు నడవడం మొదలుపెట్టాడు.

యోనా ఒక తాటాకు పంచ కింద కూర్చుని రాతి బిళ్ళని ఉలితో పొరలుగా చీలుస్తున్నాడు. కనుబొమల మీద, చెవుల మీద బూడిదరంగు దుమ్ము. మనిషి చిక్కిపోయాడు. తమ్ముణ్ణి చూసి చెయ్యి ఆపలేదు.

"అయ్యగారు వచ్చారా. కూర్చోండి."

ఆ 'అండి' జెకర్యాకి గుచ్చుకుంది. కూర్చుని, బస్సులో కట్టుకున్న మాటలు తీశాడు. "అన్నా, ఆ రోజు పెద్దలందరూ ఉన్నారు. సంఘ క్రమాన్ని బట్టి నేను..."

"ప్రసంగమైతే ఆదివారం చెప్పుకో," అన్నాడు యోనా.

జెకర్యా నోరు మూశాడు. తర్వాత ఏం చెయ్యాలో తోచక, చీలి పడిన పలకలు తీసి ఒకదాని మీద ఒకటి పేర్చసాగాడు. ఒకదాని అంచు వేలు కోసింది. రక్తం పంచెకి తుడుచుకుని మళ్ళీ పేర్చాడు. యోనా నడుమ నడుమ దగ్గుతున్నాడు. ఎండ ఈ పక్క నుంచి ఆ పక్కకి జరిగింది.

పని ముగించి యోనా ఉలి కింద పెట్టబోతుండగా జెకర్యా అన్నాడు.

"అన్నా, నాన్న అడిగాడు."

యోనా చెయ్యి ఆగింది.

"పోయే ముందు రోజు నన్ను మంచం మీద కూర్చోబెట్టుకుని అడిగాడు. యోనా చేత కొట్టించండిరా, నన్ను చప్పుడు లేకుండా తీసుకుపోకండి అని. నేను సరే అన్నాను. ఎవరికీ చెప్పలేదు. నీకూ చెప్పలేదు. ఆ అయ్యగార్ల ముందు నాకు సిగ్గేసింది."

ఈ సంగతి సలోమమ్మకి కూడా చెప్పలేదు అతను. మూడేళ్ళ ప్రార్థనల్లో ఒక్కసారి కూడా అతని నోట రాలేదు.

యోనా ఉలి కింద పెట్టాడు. "నాన్నే వద్దన్నాడనుకున్నా," అన్నాడు. "చదువుకున్న కొడుకు మాట విని, నా డప్పు వద్దని ఆయనే చెప్పి పోయుంటాడనుకున్నా. మూడేళ్ళబట్టి అదే నమిలింది నన్ను. మళ్ళీ దాన్ని ముట్టలా."

జెకర్యా తల ఎత్తలేకపోయాడు.

"లెయ్యి," అన్నాడు యోనా.

ఇంటికి వెళ్ళి అటక మీంచి డప్పు దింపాడు. దుమ్ము కొట్టుకుపోయి తోలు వదులైంది. ఇద్దరూ సమాధుల దొడ్డికి నడిచారు. పొద్దు వాలుతోంది. యోనా తండ్రి సమాధి పక్కన గొంతు కూర్చుని, పిడికెడు మట్టి తీసి, వేళ్ళ సందుల్లోంచి మెల్లిగా జారనిచ్చాడు. అతని భుజాలు రెండుసార్లు ఎగిరాయి. లేచి, తమ్ముడి వైపు చూడకుండా "మంట వెయ్యి," అన్నాడు.

జెకర్యా కంప ఏరుకొచ్చి మంట వేశాడు. డప్పు రెండు చేతుల్తో పట్టుకుని సెగకి తిప్పుతూ కాచాడు. యోనా వేలితో మీటి చూశాడు. "ఇంకా," అన్నాడు. మళ్ళీ కాచాడు. చేతులు కాలుతున్నాయి. "చాలు," అన్నాడు యోనా.

మొదటి దెబ్బకి గూడెంలో కుక్కలు మొరిగాయి. ఇళ్ళలోంచి ఒక్కొక్కరే బయటికి వచ్చి గోడ అవతల నిలబడ్డారు. కొందరు ముసలివాళ్ళు తలగుడ్డలు తీశారు. మధ్యలో దగ్గు వచ్చి యోనా ఆగాడు. ఊపిరి తీసుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. జెకర్యా మసి చేతులతో పక్కన నిలబడ్డాడు. కళ్ళు మూసుకోలేదు. పెదవులు కదల్లేదు. వింటూ ఉన్నాడు.

మర్నాడు మధ్యాహ్నానికి ఎర్రగట్టు చేరాడు. సలోమమ్మ మందిరం నీడలో కూర్చుని ఉంది. వచ్చి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. అలిసిపోయి ఉన్నాడు.

"ఏమన్నాడు?" అని అడిగింది ఆమె.

అన్న గురించి అడుగుతోందో, దేవుడి గురించి అడుగుతోందో జెకర్యాకి తెలియలేదు.

"అన్నం తిని పొమ్మన్నాడు."

"తిన్నావా?"

"తిన్నానమ్మగారూ," అన్నాడు.