గడ్డివామి కింద కాపలా

నూనె గానుగ ఉన్న ఆ పెరట్లో ఎవరి పని వారికి నియమితమై ఉండేది. ముసలి ఎద్దు బసవయ్య కళ్ళకు గంతలు కట్టించుకుని గానుగ తిప్పేది. పుల్లమ్మ అనే కోడి గుడ్డు పెట్టి, పెట్టిన సంగతి లోకమంతటికీ చాటేది. మల్లి అనే కుక్క కంచె వెంబడి తిరుగుతూ కాపలా కాసేది. కాపలా తప్పిన కుక్కకు ఆ పెరట్లో చోటు లేదన్నది యజమాని గంగన్న పెట్టిన కట్టుబాటు.

గడ్డివామి కింద నాలుగు పిల్లలు పుట్టేసరికి మల్లికి చిక్కు వచ్చిపడింది. అది బసవయ్యతో మంతనమాడింది.

"మామా, ఇకమీదట నేను వామి కింద కూర్చునే కాపలా కాస్తాను. వాసన ముక్కుకు వస్తుంది, చప్పుడు చెవికి వస్తుంది. మధ్యలో కాళ్ళతో పనేముంది?"

"నా కళ్ళకు గంతలు గదా తల్లీ! నీవు పనిలో ఉన్నావో, నిద్రలో ఉన్నావో నాకెట్లా తెలియాలి?"

"నీవు తిరుగుతూ ఇటు వచ్చినప్పుడల్లా నన్ను పిలువు. 'భౌ' అని పలుకుతాను."

ఏర్పాటు కుదిరింది. గానుగ కిర్రుమంటూ తిరిగేది. "మల్లీ!" అని ఎద్దు పిలిచేది. మల్లి పలికేది. అయితే ఆ పలుకు ఒంటరిగా వచ్చేది కాదు.

"భౌ! చిట్టీ, నా చెవి వదులు! తూర్పు వైపు అంతా క్షేమం మామా. ఒరే బుజ్జీ, అది మీ అన్న తోకరా, తినేది కాదు! ఇక పడమటి వైపు... ఒక్క క్షణం ఆగు మామా, పడమర కనబడకుండా ఒకడు నా ముఖం మీద కూర్చున్నాడు."

పుల్లమ్మ కిసుక్కున నవ్వింది. "ఏమి వదినా, కాపలా నీవు కాస్తున్నావా, నీకే కాపలా పెట్టారా?"

"నవ్వు తల్లీ, నవ్వు. కంచె వెంబడి తిరిగిన నాడు పెద్దపులిననుకున్నాను. ఈనాడు పరుపునయ్యాను. ఒక చెవి పనికి, ఒక చెవి పిల్లలకు అని లెక్క వేసుకున్నాను. రెండు చెవులూ పిల్లల నోళ్ళలోనే ఉన్నాయి!"

"ఇంత గోలలో నీకు భయం వేయదా?"

"గోల ఉన్నంతసేపు భయమెందుకు? అది ఆగినప్పుడే గుండె గుభేలుమంటుంది. నిన్న కాస్త ప్రశాంతంగా ఉంటే నా పెంపకానికి నేనే మురిసిపోయాను. తీరా చూస్తే నలుగురూ కలిసి గంగన్న చెప్పును సగం నమిలేశారు."

గానుగ తిప్పుతూ విన్న బసవయ్య కూడా పకపక నవ్వింది.

"అయితే నా పిల్లలను గంప కింద పెట్టి మేతకు వెళ్తున్నాను. చూస్తూ ఉంటావా?" అన్నది పుల్లమ్మ.

"నిశ్చింతగా వెళ్ళు. నలుగురున్న చోట మరి నలుగురు నాకొక బరువా?" అన్నది మల్లి. పరువు అటువంటిది.

ఈ ముచ్చటంతా ఆముదపు చెట్ల చాటున ఒక నక్క వింటున్నది. మధ్యాహ్నం గంగన్న గానుగ కిర్రులే జోలపాటగా పాకలో కునుకు తీస్తుండగా, అది కంచె దూరి తిన్నగా గంప దగ్గరకు వచ్చింది.

"మల్లక్కా, కుశలమా? లేవకు, లేవకు, బాలింతవు! మా బావమరిది నీ వామి వెనుకనే కూర్చున్నాడు. నీవు ఇటు ఒక్క అడుగు వేశావంటే, వాడు అటు నీ పిల్లను ఎత్తుకుపోతాడు."

కదిలితే తన పిల్లలు, కదలకపోతే పుల్లమ్మ పిల్లలు! మల్లి గొంతు చించుకుని మొరిగింది.

"పాపం, బుజ్జిగాడు మళ్ళీ తోక కొరికాడు కాబోలు," అనుకుని బసవయ్య సాగిపోయింది. పాకలో గంగన్న అటు నుంచి ఇటు ఒత్తిగిల్లాడు.

"మొరుగు అక్కా, మొరుగు," అన్నది నక్క. "పొద్దస్తమానం మొరిగేదాని మొర ఎవరికి పట్టింది?"

మల్లి ఠక్కున నోరు మూసింది. నాలుగు పిల్లలనూ పొట్టకు అదుముకుని, వాటి నోళ్ళను పాలతో మూసింది.

"అదీ బుద్ధిమంతురాలి లక్షణం!" అని మెచ్చుకుని నక్క గంప కిందికి మూతి దూర్చింది.

"మల్లీ!" అన్నది బసవయ్య. పలుకు లేదు. "మల్లీ?" కుయ్యిమన్న చప్పుడైనా లేదు.

ఎద్దు గుండె గుభేలుమన్నది. "అమ్మో! గోల ఆగిపోయింది!" అంటూ ఉన్నచోటనే నిలిచిపోయింది. ఎద్దు ఆగగానే గానుగ ఆగింది, గానుగ ఆగగానే గంగన్న కునుకు ఆగింది.

"సోమరితనమా బసవా?" అంటూ చెర్నాకోలతో బయటికి వచ్చిన గంగన్నకు గంప కింద మూతి దూర్చిన నక్క కనబడింది. ఎద్దు కోసం ఎత్తిన చెర్నాకోల నక్క వీపున ఛెళ్ళుమన్నది.

"తమ్ముడూ, మీ బావమరిదిని మరిచిపోయావు!" అని మల్లి వెనుక నుంచి కేక వేసింది. నక్క కంచె దాటిన తరువాత గాని వెనుదిరిగి చూడలేదు. వామి వెనుక ఏ బావమరిదీ లేడు. గంగన్న చెప్పులో మిగిలిన సగం మాత్రం ఉన్నది.

మేత నుండి వచ్చి సంగతి విన్న పుల్లమ్మ కళ్ళు చెమర్చాయి. "ఎట్లా కాపాడావు వదినా?"

"నోరు మూసుకుని," అన్నది మల్లి. "వామి కింద కూర్చున్న తరువాత నేను చేసిన కాపలా అదొక్కటే. ఒరే చిట్టీ, చెవి వదులు!"

నీతి: ఒడిలో పిల్లలతో ఇంటనే పని చేసుకునే తల్లి అరుస్తున్నంతసేపు నిశ్చింతగా ఉండవచ్చును గాని, ఆమె మౌనం వహించిన క్షణాన చేతిలోని పని వదిలి పరుగెత్తి రావలెను.