సోదెలోకి తేకయ్యా

ఉపదేశి మీకాకి ఆ వారమంతా అన్నం సయించలేదు. ఆదివారం రేవులో తొమ్మిది మందికి బాప్తిస్మం. ఎనిమిది మంది గురించి అతనికి బెంగ లేదు. తొమ్మిదో మనిషి నాంచారమ్మ. ఆమె మీద అతనికి అనుమానం.

మాది కృష్ణ పాయల మధ్య చిన్న లంక. చర్చికి పెద్ద నతానియేలు అయ్యగారు. మీకా కూడా మా లంకలో పుట్టినవాడే, రెండేళ్ళుగా ఆయన దగ్గర పని నేర్చుకుంటున్నాడు. బాప్తిస్మం అడిగినవాళ్ళకి మూడు నెలలు పాఠం చెప్పడం అతని వంతు. చదువొచ్చినవాళ్ళు తక్కువ కాబట్టి పాఠమంతా నోటి మీదే. చర్చి వసారాలో కూర్చోబెట్టి అతనొక మాట అంటాడు, వాళ్ళు తిరిగి అంటారు. చివర్న ఒక్కొక్కరి గురించీ "యోగ్యులు" అని అతను సాక్ష్యం చెప్పాలి. చెప్పకపోతే వాళ్ళు నీళ్ళలోకి దిగే పని లేదు.

నాంచారమ్మ పోయిన వానాకాలం ఏటవతలి నుంచి పడవ మీద వచ్చింది. యాభై దాటిన మనిషి. వెంట ఎవరూ లేరు. ఏ ఊరమ్మా అని అడిగితే ఏటికేసి చెయ్యి చూపించి ఊరుకునేది. అయ్యగారు చర్చి గోడవారన ఉన్న పాకలో ఉండమన్నారు. సంఘపెద్దలకి అది నచ్చలేదు. బాప్తిస్మం తీసుకుంటే సరే, లేదంటే పాక ఖాళీ చెయ్యాలన్నారు. అంటే మీకా ఒక్క మాట మీద ఆమె తల మీది కప్పు కూడా నిలబడి ఉంది.

సోమవారం తెల్లవారుతూనే మీకా బిందె పట్టుకుని చేతిపంపు దగ్గరికి వెళ్ళాడు. పాకలోంచి సన్నగా మాటలు వినిపించాయి. పంపు కొట్టడం ఆపాడు. నాలుగడుగులు వేసి తడికకి చెవి ఆనించాడు.

"సోదెలోకి తేకయ్యా... నన్ను సోదెలోకి తేకయ్యా..."

మీకా బిందె అక్కడే వదిలేసి వచ్చేశాడు.

సోదె అంటే మా వైపు తెలియనివాళ్ళు లేరు. చెయ్యి పట్టుకుని జరిగిందీ జరగబోయేదీ చెప్పడం. అట్లాంటివాళ్ళని మీ మధ్య ఉండనివ్వద్దని ధర్మశాస్త్రంలో ఉన్నచోట మీకా తన బైబిల్లో ఎర్ర పెన్సిలుతో గీత కూడా గీసుకున్నాడు. ఇప్పుడు ఆ సోదె చర్చి గోడకే ఆనుకుని కాపురముంది!

అనుమానం పెనుభూతం అంటారు. ఆ రోజు నుంచి మీకా కళ్ళు ఆమెని వదల్లేదు. ఆమె గడ్డం మీద పచ్చబొట్టు వచ్చినప్పటినుంచీ ఉంది, అతనికి సోమవారమే కనబడింది. ఆమె నవ్వితే ఎందుకు నవ్విందా అనుకున్నాడు. నవ్వకపోతే ఏం దాస్తోందా అనుకున్నాడు. బుధవారం మధ్యాహ్నం ఇద్దరు ఆడవాళ్ళు పాక ముందు ఆగారు. అందులో ఒకామె చెయ్యి చాపింది. నాంచారమ్మ ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, తల వంచి ఏదో అంది. చాపినామె మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది. మీకా ఇదంతా చర్చి కిటికీలోంచి చూశాడు. ఏదో కీడు చెప్పి ఉంటుంది అనుకున్నాడు.

ఆ సాయంత్రమే సంఘపెద్ద జకరయ్య చెవిన వేశాడు. "నిప్పు లేందే పొగొస్తదా? మొదట్నించీ నేనంటానే ఉన్నా," అన్నాడు జకరయ్య. మర్నాటికి లంకంతా తెలిసింది, నాంచారమ్మకి తప్ప. ఆమె ఎదురైతే ఆడవాళ్ళు మాట తుంచేసుకుని పక్కకి తప్పుకునేవాళ్ళు. పాఠంలో ఆమె పక్కన చాప ఖాళీగా ఉండిపోయింది.

మీకా చెడ్డవాడు కాడు. వట్టి భయస్థుడు. దేవుడి పని తన చేతిలో ఎక్కడ పాడవుతుందోనని అతని భయం. తాడుని చూసి పామనుకున్నవాడు ఊరికే ఉంటాడా, కర్ర కూడా తెచ్చుకుంటాడు. నాకు జాలేస్తుంది గానీ, ఆ ఖాళీ చాప గుర్తొస్తే మాత్రం ఇప్పటికీ మండుతుంది.

శుక్రవారం పొద్దున్నే అతను చర్చి పక్కనే ఉన్న అయ్యగారి ఇంటికి వెళ్ళాడు. ఆయన అరుగు మీద కూర్చుని అమ్మగారికి బీరకాయలు చెక్కు తీసిపెడుతున్నారు.

"నాంచారమ్మకి బాప్తిస్మం ఇవ్వకూడదయ్యగారూ. ఆవిడ సోదె మనిసి. నేను సాచ్చం చెప్పలేను."

"ఎట్లా తెలిసింది?"

మీకా అంతా చెప్పాడు. తడిక దగ్గర విన్నది, కిటికీలోంచి చూసింది, పచ్చబొట్టు కూడా.

"ఆమెని అడిగావా?"

"అడిగితే నిజం చెప్తదా అండీ?"

"తడిక పక్కన ఏం చేస్తున్నావురా అని ఎవరన్నా నిన్నడిగితే, నువ్వు చెబుతావా?"

అయ్యగారు కత్తిపీట పక్కకి జరిపి, "నాంచారమ్మా, ఓసారి ఇట్రా తల్లీ," అని కేకేశారు.

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి మెట్టు మీద కూర్చుంది. ఇప్పుడు బయటపడుతుంది అనుకున్నాడు. అయ్యగారు ఆమెని ఏమీ అడగలేదు. లోపలికి వెళ్ళి బైబిలు తెచ్చి, ఒక పేజీ తీసి మీకా చేతికిచ్చారు.

"ఆదివారం వాక్యం ఇదే. ఆమెకి చదివి కథ చెప్పు. ఆమెకి అర్థమైతే అందరికీ అర్థమైనట్టే."

న్యాయాధిపతులు, పన్నెండో అధ్యాయం. గిలాదువాళ్ళకీ ఎఫ్రాయిమువాళ్ళకీ యుద్ధం జరుగుతుంది. ఓడిపోయిన ఎఫ్రాయిమువాళ్ళు ఇంటికి పోవాలంటే యొర్దాను దాటాలి. గిలాదువాళ్ళు ముందే వెళ్ళి రేవులు పట్టుకుని కూర్చున్నారు. మీకాకి లోపల సంతోషం కలిగింది. దొంగని పట్టే కథ ఇది. అయ్యగారు తన పక్షమే!

గొంతు సవరించుకుని చదివాడు. చదివింది మళ్ళీ ఆమె భాషలో చెప్పాడు.

"దాటతానని ఎవడన్నా వస్తే, నువ్వు ఎఫ్రాయిమోడివా అనడిగేవోళ్ళమ్మా. కాదంటే, అయితే సిబ్బోలెతు అను, అనేవోళ్ళు. వాడు సరిగ్గా పలకలేక సిబ్బోలెతు అనేవాడు. అంతే. పట్టుకుని ఆ రేవులోనే చంపేవోళ్ళు. అట్టా నలభై రెండు వేల మంది."

"అయ్యో," అంది నాంచారమ్మ. "ఎందుకు చంపారు బాబూ? అనమన్న మాటే అన్నాడు గదా."

"అనలేదమ్మా. వాళ్ళు సిబ్బోలెతు అనమన్నారు. వీడేమో సిబ్బోలెతు అన్నాడు."

"అదే గదా బాబూ."

"అదెట్టాగవుద్ది? ఇది వేరు, అది వేరు. సరిగ్గా విను. సిబ్బోలెతు. సిబ్బోలెతు."

ఆమె అమాయకంగా అతని నోటికేసి చూస్తోంది. ఎగతాళి లేదు. నిజంగానే తేడా వినాలని చూస్తోంది.

మీకా పుస్తకంలోకి చూశాడు. మొదటి మాటలో తొలి అక్షరం 'ష'. రెండోదానిలో 'స'. కంటికి రెండూ తెలుస్తున్నాయి. మళ్ళీ నోరు తెరిచాడు. నాలుక మడిచి, పెదాలు ముందుకు పెట్టి ప్రయత్నించాడు. వచ్చింది 'స'నే. మా లంకలో సగం మంది నోట్లో 'ష' గానీ 'శ' గానీ పలకవు. పుట్టినప్పటినుంచీ 'స'నే వింటే చెవికీ తేడా తెలియదు.

మూడోసారి అనబోయి ఆగిపోయాడు.

"అయ్యగారూ, రెండేళ్ళ నుంచీ నేను ఇట్టాగే చదువుతున్నానా?"

"ఊఁ."

"ఒక్కసారన్నా చెప్పలేదే!"

"నువ్వేమంటున్నావో పైన ఆయనకి తెలుస్తానే ఉంది గదా, నాకెందుకులే అనుకున్నా." అయ్యగారు కత్తిపీట మళ్ళీ ముందుకు లాక్కున్నారు. "ఆమెని ఏం అడగాలో ఇప్పుడడుగు."

అడగాలన్న ఉబలాటం మీకాకి పోయింది. అయినా అనుమానం అంత తేలిగ్గా వదులుతుందా? బైబిలు మూసి, నేల చూస్తూ అడిగాడు.

"నువ్వు సోదె చెప్పేదానివా?"

నాంచారమ్మ అయ్యగారి వైపు చూసింది. ఆయన తల ఎత్తలేదు.

"చెప్పేదాన్నే బాబూ," అంది.

మీకా ఉలిక్కిపడ్డాడు. ఇంత సులువుగా ఒప్పుకుంటుందని అతను అనుకోలేదు.

"పంతొమ్మిదేళ్ళు చెప్పా. మా అత్త నేర్పింది. అన్నీ తెలిసినట్టే చెప్పేదాన్ని, ఒక్కటీ తెలిసి చెప్పింది కాదు. పోయినేడు ఒకామె జరమొచ్చిన పిల్లని ఎత్తుకొచ్చింది. తగ్గిపోద్ది, ఆస్పత్రెందుకమ్మా అన్నా. నా మాట నమ్మి ఇంటికి తీసుకుపోయింది. పిల్ల దక్కలేదు." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏరు దాటొచ్చేశా. ఇక్కడా ఎవరో ఆనవాలు పట్టారు. వస్తన్నారు, చెయ్యి చాపుతున్నారు. చాపిన చెయ్యి కనబడితే ఈ పాపిష్టి నాలిక ఊరుకోదు బాబూ. వాళ్ళ వేళ్ళు మడిచి పంపించేస్తన్నా. మొన్న ఒకామె అలిగిపోయింది. ఎన్నాళ్ళు ఆపుకోగలనో తెలవదు. అందుకే పొద్దున్నే లేచి అదే అడుక్కుంటన్నా."

"ఏమని?"

"నువ్వు నేర్పిందే గదా! పరలోక ప్రార్థనలో ఉంది, సోదెలోకి తేక అని. నువ్వు వసారాలో వాళ్ళకి చెప్తంటే పాకలోంచి విన్నా. ఒళ్ళు జల్లుమంది. నా సంగతి దేవుడికి అంత ముందే ఎట్టా తెలిసిందా అని ఏడ్చా. మర్నాడే వచ్చి మీ చాప మీద కూర్చున్నా."

ప్రార్థనలో ఉన్న మాట శోధన, అంటే పాపంలోకి లాగే పరీక్ష. మీకా నోట్లో అది సోదన అయింది. నాంచారమ్మ చెవిలో సోదె అయింది. అతను తడిక పక్కన దొంగతనంగా విన్నది తన మాటనే.

దిద్దుదామని నోరు తెరిచాడు. ఏమని దిద్దాలో తెలియలేదు.

ఆదివారం రేవు నిండా జనం. ఏమవుతుందో చూద్దామని వచ్చినవాళ్ళే ఎక్కువ. నాంచారమ్మ అందరికన్నా వెనక, ఎవరూ ఆనుకోకుండా నిలబడింది. అయ్యగారు నడుం లోతు నీళ్ళలో ఉన్నారు. మా ఆచారం ప్రకారం మునిగే ముందు ప్రతి ఒక్కరూ పరలోక ప్రార్థన చెప్పాలి. ఉపదేశి ఒక్కో మాటా అందిస్తాడు, వాళ్ళు అంటారు. ఎనిమిది మందీ అయ్యారు.

నాంచారమ్మ నీళ్ళలో కాలు పెట్టగానే జకరయ్య గట్టు మీద నుంచి గట్టిగా అడిగాడు. "ఉపదేశీ, ఈమె సంగతేంటి?"

"యోగ్యురాలు," అన్నాడు మీకా.

"సోదె మనిషని నా చెవిలో వేసింది నువ్వే గదయ్యా!"

"నేనే. చాటునుంచి విని చెప్పా. తప్పు చేశా. ఇప్పుడు అడిగి తెలుసుకుని చెప్తున్నా. ఈమె యోగ్యురాలు, నేను సాచ్చం."

గట్టు మీద గుసగుసలు లేచాయి. జకరయ్య మొహంలో నమ్మకం లేదు, కానీ సాక్ష్యం వచ్చాక అతను ఆపడానికి లేదు.

మీకా ప్రార్థన మొదలుపెట్టాడు. అతనొక మాట, ఆమె ఒక మాట. ఆ మాట దగ్గరికి రాగానే అతను ఆగిపోయాడు. ఆమె ఎదురు చూసింది. జనం కూడా చూశారు.

"నువ్వు చెప్పమ్మా," అన్నాడు మీకా. "నేనంటా."

ఆమె చేతులు జోడించి, కళ్ళు మూసుకుని చెప్పింది.

"సోదెలోకి తేకయ్యా."

"సోదెలోకి తేకయ్యా," అన్నాడు మీకా, అందరికీ వినపడేలా. గట్టు మీద ఎవరో కిసుక్కున నవ్వారు. అతను అటు చూడలేదు.

అయ్యగారు నాంచారమ్మ తల మీద చెయ్యి పెట్టి, మీకాతో అన్నారు.

"ఇప్పుడు సరిగ్గా పలికావు."