దగ్గుకు ఆగే ఎద్దు

ఒక రాజ్యంలో గానుగలన్నీ నాటు ఎద్దులతో తిరిగేవి. రాజు వాటిని మార్చేయమన్నాడు. సముద్రం అవతల నుంచి తెప్పించిన కొత్త ఎద్దులు సగం మేత తింటాయి, రెట్టింపు తిరుగుతాయి, ఎంత తిరిగినా ఒళ్లు వేడెక్కదు. ఇందులో అబద్ధం లేదు. చూసినవాళ్లంతా ముచ్చటపడ్డారు.

చిక్కల్లా ఒక్కటే. మన అదిలింపులు వాటికి తెలియవు. అందుకని గానుగకొక దుబాసీని ఇచ్చారు. గానుగవాడు పాత మాటే అంటాడు, దుబాసీ దాన్ని ఎద్దు చెవిలో దాని భాషలో చెబుతాడు. నువ్వుల నూనె వాళ్లకు ఏ ఇబ్బందీ రాలేదు.

ఊరి చివర ఒక అవ్వ మందునూనె తీసేది. రాజుగారి మోకాళ్లు లేచేది ఆ నూనెతోనే. ఆ గానుగకు అదిలింపులు కట్టింది ఆమె పెనిమిటి, ఇప్పుడు లేడు. ఆయనకు ఏడో చుట్టుకి దగ్గొచ్చేది, ఎద్దు ఆగేది. ఆ కాస్సేపట్లోనే గానుగలో వేసిన మందువేర్ల సారం నూనెలోకి దిగేది. అవ్వకు దగ్గు లేదు. అయినా ఏడో చుట్టుకి దగ్గుతుంది.

కొత్త ఎద్దు ఆగలేదు. నూనె చెడింది.

"దగ్గాను కదయ్యా, చెప్పవేం?"

"దగ్గు నా పుస్తకంలో లేదవ్వా."

"అయితే రాసుకో."

"అదిలింపులు కట్టినాయన వచ్చి చెబితేనే రాయాలి."

"ఆయన రాడు నాయనా. నేనే పోవాలి."

మర్నాటి నుంచి అవ్వ పాక వెనక దాచిన పాత ఎద్దునే కట్టింది.

మూడేళ్లకు దుబాసీలనూ మాన్పించారు. ఈపాటికి అందరూ ఎద్దుల భాష నేర్చుకునే ఉంటారని మంత్రి అన్నాడు. శుక్రవారానికల్లా పాత ఎద్దు ఒక్కటి కూడా రాజ్యంలో ఉండకూడదు, ఉంటే గానుగ పోతుందని దండోరా వేయించాడు.

శుక్రవారం రాజు కుంటుకుంటూ నూనెకు వచ్చాడు. మంత్రి పాక వెనక్కి తొంగిచూశాడు.

"ఏమే ముసలీ, ఈ ఎద్దెవరిది?"

"మారాజుగారి మోకాళ్లది బాబూ."

రాజు నూనె రాయించుకున్నాడు. లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. మంత్రి చెవిలో ఏదో చెప్పాడు.

మర్నాడు పదిమంది కలిసి రాజ్యపు పొలిమేర రాయిని పెకలించి తెచ్చి, అవ్వ పాకకు ఇవతల పాతారు. రాజ్యంలో పాత ఎద్దు ఒక్కటీ లేదని మళ్లీ దండోరా వేశారు.

అప్పటి నుంచి రాజు ప్రతి శుక్రవారం పరదేశయాత్రకు వెళ్తున్నాడు.